టెర్మినల్ ఫైల్ మేనేజర్లలో ఏది తీసుకోవాలి? పెళ్ళి ఫోటోలు దాచే మిషన్ల అనుభవంతో ఒక పోలిక

టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే తెరలో, నడిచే ఫైల్ మేనేజర్లు డజనుకు పైనే ఉన్నాయి. ఏది బాగుంటుందని ఎవరినైనా అడిగితే ముందు స్క్రీన్‌షాట్ చూపిస్తారు. నేను మాత్రం ఏది కొత్తగా కనబడినా రెండు ప్రశ్నలు వేసుకుంటాను. కాపీ చేస్తున్న చోట అదే పేరుతో ఇంకో ఫైలు ఉంటే ఇది ఏం చేస్తుంది? డిలీట్ కొడితే ఫైలు ఎక్కడికి పోతుంది? ఈ రెండిటికీ జవాబు తెలిశాకే మిగతా హంగులు చూస్తాను.

తిరుపతిలో ఫోటో స్టూడియోలకు, ఎడిటింగ్ ల్యాబులకు ఫైళ్ళు దాచుకునే లైనక్స్ మిషన్లు సెట్ చేసి ఇవ్వడం నా పని. తిరుమల కళ్యాణ వేదిక దగ్గరైనా, తిరుచానూరులోనైనా ముహూర్తం అంటే కనీసం రెండు కెమెరాలు ఉంటాయి. డిజిటల్ కెమెరాలు ఫోటోకు పేరు పెట్టే పద్ధతి దాదాపు ఒకటే: ముందు నాలుగు అక్షరాలు, వెనక 0001 నుంచి 9999 దాకా నాలుగు అంకెలు. 9999 అయిపోతే మళ్ళీ 0001 నుంచి మొదలు. ఇద్దరు ఫోటోగ్రాఫర్ల చేతిలోనూ ఒకే కంపెనీ కెమెరా ఉంటే 'డీఎస్‌సీ_0412' అనే పేరు రెండు కార్డుల్లోనూ ఉండటం మామూలే. ఒక కార్డులో అది తలంబ్రాల ఫోటో, ఇంకో కార్డులో భోజనాల పంక్తి. రెండు కార్డులూ ఒకే ఫోల్డర్‌లోకి దించుతూ, అడిగిన ప్రతిదానికీ 'ఎస్' కొట్టుకుంటూ పోతే రెండిట్లో ఒకటే మిగులుతుంది. "అన్నా, రెండో కెమెరావి ఉండాయి, మొదటి దాంట్లోవి సగం కనబళ్ళేదు" అని సీజన్‌లో ఫోన్లు వచ్చేది దీనికే. పెళ్ళి మళ్ళీ చేయించి ఫోటో తీయలేం కదా.

అసలు టెర్మినల్ ఎందుకు, మౌసుతో లాగి వదిలితే పోలేదా అని స్టూడియోవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ల్యాప్‌టాప్‌లో కూర్చుని వైఫై మీద ఆ మిషన్‌లోని డిస్కులు తెరిచి, ఒక డిస్కులోవి ఇంకో డిస్కులోకి లాగితే చాలాసార్లు ఆ ఫోటోలన్నీ ల్యాప్‌టాప్ దాకా వచ్చి మళ్ళీ వెనక్కి పోతాయి. దూరంగా ఉన్న మిషన్ టెర్మినల్‌ను తెరిచే ఎస్ఎస్‌హెచ్‌తో ఆ మిషన్‌లోకే లాగిన్ అయి కాపీ చేస్తే డిస్కు నుంచి డిస్కుకు నేరుగా పోతాయి. వైఫై మీద నడిచేది తెర మీది అక్షరాలు మాత్రమే. ఇలా చేసేటప్పుడు టీమక్స్ అనే ప్రోగ్రామ్ లోపల పని మొదలుపెట్టండి. మధ్యలో నెట్ పోయినా, ల్యాప్‌టాప్ చార్జింగ్ అయిపోయినా అక్కడ కాపీ నడుస్తూనే ఉంటుంది. మళ్ళీ లాగిన్ అయి చూసుకోవచ్చు.

మోసే పనికి: మిడ్‌నైట్ కమాండర్

కార్డుల నుంచి డిస్కులకు, డిస్కుల నుంచి బ్యాకప్‌కు ఫైళ్ళు మోయడమే మీ పనిలో ఎక్కువ భాగమైతే నా ఓటు మిడ్‌నైట్ కమాండర్‌కే. అందరూ ఎంసీ అంటారు. మిగెల్ దె ఇకాజా 1994లో మొదలుపెట్టిన ప్రోగ్రామ్ ఇది. అంతకు ముందు డాస్ కాలంలో, 1986లో వచ్చిన నార్టన్ కమాండర్‌ను చూసి దాని పోలికలోనే చేశారు. ఇన్నేళ్ళయినా ఉబుంటులో, డెబియన్‌లో 'ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎంసీ' అంటే చాలు, వచ్చేస్తుంది.

తెర నిలువునా రెండు భాగాలుగా ఉంటుంది. ఎడమ పక్క కార్డు, కుడి పక్క డిస్కు పెట్టుకుంటే ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో కళ్ళ ముందే ఉంటుంది. ట్యాబ్ కొడితే ఈ పక్క నుంచి ఆ పక్కకు మారతారు. ఎఫ్5 కాపీ, ఎఫ్6 మూవ్, ఎఫ్7 కొత్త ఫోల్డర్, ఎఫ్8 డిలీట్. ఇవన్నీ తెర అడుగున వరుసగా రాసే ఉంటాయి, బట్టీ పట్టక్కర్లేదు. మీటలతోనే నడిచే విమ్ ఎడిటర్ ముఖం ఎప్పుడూ చూడని కుర్రవాడు కూడా చేరిన రోజే కార్డు దించగలడు. ల్యాబులో మనుషులు మారుతూ ఉంటారు కాబట్టి నేను దీనికి చాలా విలువ ఇస్తాను.

ఒకే పేరున్న ఫైలు ఎదురైతే ఎంసీ ఆగి, రెండు ఫైళ్ళ సైజు, తేదీ ఒకదాని కింద ఒకటి చూపించి అడుగుతుంది. ఈ ఒక్కదానికేనా, అన్నిటికీనా? అన్నిటికీ అయితే పాతవాటి మీదే రాయాలా, సైజు తేడా ఉంటేనే రాయాలా, అసలు దేని మీదా రాయొద్దా? ఇంత వివరంగా అడిగేది టెర్మినల్ ఫైల్ మేనేజర్లలో నాకు తెలిసి ఇదే. అయితే అర్ధరాత్రి రిసెప్షన్ ముగిసి వచ్చిన మనిషి అవన్నీ చదవడు. అందుకే ఆ ప్రశ్న రాకుండానే చేయడం మేలు. దానికి ఎంసీలోనే ఒక మంచి దారి ఉంది.

మొదటి కెమెరా కార్డు తెరవండి. ప్లస్ గుర్తు కొడితే ఏవి ఎంపిక చేయాలని అడుగుతుంది, నక్షత్రం గుర్తు ఇచ్చి ఎంటర్ కొడితే ఫైళ్ళన్నీ పసుపు రంగులోకి మారతాయి. ఇప్పుడు ఎఫ్5 కొట్టండి. ఎక్కడికి కాపీ చేయాలో చూపే గడిలో ఫోల్డర్ దారి ఉంటుంది కదా, దాని చివర ఇంగ్లీషు 'ఏ', అండర్‌స్కోర్, నక్షత్రం చేర్చండి. 'షెల్ ప్యాటర్న్‌లు వాడు' అన్న చోట టిక్ ఉండాలి. 'డీఎస్‌సీ_0412' అవతలి డిస్కులో 'ఏ_డీఎస్‌సీ_0412'గా దిగుతుంది. రెండో కార్డుకు 'బీ' పెట్టండి. పేరు మార్చడం, కాపీ చేయడం ఒకే దెబ్బకు అయిపోతాయి. కార్డులోని ఒరిజినల్ పేర్లు అలాగే ఉంటాయి. రెండు కెమెరాల ఫోటోలూ ఒకే ఫోల్డర్‌లో ఉన్నా గొడవ రాదు.

ఎంసీలో నేను ఎక్కువగా ఆధారపడే పని ఇంకొకటి, రెండు ఫోల్డర్లను పోల్చడం. కంట్రోల్-ఎక్స్ కొట్టి డి నొక్కితే మూడు పద్ధతులు చూపిస్తుంది. క్విక్ అంటే సైజు, తేదీ చూస్తుంది. సైజు ఓన్లీ అంటే సైజు మాత్రమే. థరో అంటే ఒక్కొక్క బైటూ పోల్చి చూస్తుంది. తేడా ఉన్న ఫైళ్ళను రెండు పక్కలా గుర్తుపెట్టి చూపిస్తుంది. డిస్కుకు, దాని బ్యాకప్‌కు మధ్య థరో పెట్టి, ఏదీ గుర్తు పడలేదని చూశాకే కార్డు ఫార్మాట్ చేయాలని నేను గట్టిగా చెబుతాను. ఇది పేరును బట్టి పోలుస్తుంది కాబట్టి పేరు మార్చి దించిన కార్డుకూ డిస్కుకూ మధ్య పనికిరాదు. పేర్లు ఒకటే ఉన్న రెండు కాపీల మధ్యే పెట్టాలి. లోపలి ఫోల్డర్లలోకి కూడా దిగదు, ఒక్కో ఫోల్డర్‌కూ విడిగా చేయాలి. అయినా ఆ కాసేపు ఖర్చుపెట్టదగినదే.

లోపాలు ఉన్నాయి. చిన్న ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ మీటలు నొక్కితే తెర వెలుగో, సౌండో మారుతుంది. అలాంటప్పుడు ఎస్కేప్ కొట్టి అంకె నొక్కితే అదే పని జరుగుతుంది. ఎస్కేప్, 5 అంటే కాపీ. గ్నోమ్ టెర్మినల్‌లో ఎఫ్10 కొడితే ఎంసీ మూతపడకుండా టెర్మినల్ మెనూ తెరుచుకునే అవకాశం ఉంది. అక్కడ ఎస్కేప్, 0 వాడండి. వీటన్నిటికంటే పెద్ద లోపం, ఎంసీలో ట్రాష్ లేదు. ఎఫ్8 కొట్టి 'ఎస్' అన్నారంటే ఫైలు పోయినట్టే.

డిలీట్ కొడితే ఏమవుతుంది

ఎంసీ కాకుండా వీఐఎఫ్ఎం, యాజీ, ఎన్ఎన్ఎన్, రేంజర్, ఎల్ఎఫ్ అనే టెర్మినల్ ఫైల్ మేనేజర్లు కూడా ఉన్నాయి. డిలీట్ విషయంలో ఒక్కోదాని తీరు ఒక్కో రకం.

వీఐఎఫ్ఎం ఇందులో అందరికంటే మర్యాదగా ఉంటుంది. విమ్ మీటలతో నడుస్తుంది, ఎంసీలాగే రెండు పక్కలు ఉంటాయి. డి రెండుసార్లు కొడితే ఫైలు దాని సొంత ట్రాష్‌లోకి పోతుంది. వెంటనే యు కొడితే వెనక్కి వస్తుంది. శాశ్వతంగా తీసేయాలంటే పెద్ద డి, అంటే షిఫ్ట్ పట్టుకుని డి, రెండుసార్లు కొట్టాలి. ఫోల్డర్లను పోల్చే కమాండ్ కూడా ఉంది, అది ఎంసీలా పైపైన ఆగిపోకుండా లోపలి ఫోల్డర్లనూ కలిపి చూస్తుంది. విమ్ చేయి తిరిగినవాళ్ళు ఎంసీ దగ్గర ఆగక్కర్లేదు, నేరుగా దీనికి వెళ్ళొచ్చు. విమ్ తెలియనివాళ్ళ చేతిలో మాత్రం పెట్టకండి. పొరపాటున ఏదో మీట నొక్కి, ఏం జరిగిందో తెలియక టెన్షన్ పడతారు.

యాజీలో చిన్న డి అంటే ట్రాష్, పెద్ద డి అంటే శాశ్వతంగా తీసేయడం. ట్రాష్ ఉందని నిశ్చింతగా ఉండే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. బయట పెట్టిన డిస్కులోని ఫైలును ట్రాష్ చేస్తే అదే డిస్కు మొదట్లో 'ట్రాష్-1000' లాంటి పేరుతో దాగిన ఫోల్డర్ ఏర్పడి, ఫైలు అందులో కూర్చుంటుంది. 1000 అనేది లైనక్స్‌లో మామూలుగా మొదటి యూజర్‌కు వచ్చే నంబరు. ఫైలు ఇంకా ఆ డిస్కులోనే ఉంది కాబట్టి జాగా ఖాళీ కాదు. వందల జీబీల రా ఫైళ్ళు (కెమెరా ఇచ్చే ముడి ఫోటోలు) తీసేశాం, అయినా డిస్కు నిండుగానే చూపిస్తోందని అడిగేవాళ్ళు ముందు ఆ ఫోల్డర్ చూడాలి.

ఎన్ఎన్ఎన్‌లో సెట్టింగులు ఏమీ మార్చకపోతే, తీసేయాలా అని ఒకసారి అడిగి శాశ్వతంగా తీసేస్తుంది. ట్రాష్ కావాలంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అనే ఒక సెట్టింగ్ పెట్టుకోవాలి, దాన్ని షెల్ సెట్టింగుల్లో మొదటి రోజే రాసుకోండి. రేంజర్‌లో డి, పెద్ద డి వరుసగా కొడితే డిలీట్, డి, పెద్ద టి అయితే ట్రాష్. ఎల్ఎఫ్ చేసిన పని నాకు బాగా నచ్చింది. డిలీట్ కమాండ్ ఉంది కానీ దానికి మొదట్లో ఏ మీటా కేటాయించలేదు. కావాలనుకున్నవాళ్ళే తమకు అలవాటైన మీట పెట్టుకోవాలి. చేయి జారి ఫైలు పోయే ప్రమాదం అక్కడితో తప్పుతుంది.

ఒకే పేరు ఎదురైనప్పుడు కూడా రేంజర్, ఎల్ఎఫ్, యాజీ ఎంసీలా ప్రశ్నలు వేయవు, తమకు తోచిన దారి పడతాయి. రేంజర్ కొత్తగా వచ్చిన ఫైలు పేరు వెనక అండర్‌స్కోర్ చేర్చి రెండిటినీ ఉంచుతుంది. ఎల్ఎఫ్, యాజీ పేరుకు ఒక అంకె చేర్చి ఉంచుతాయి. మీద రాయించాలంటే రేంజర్‌లో, యాజీలో దానికి వేరే మీట ఉంది. అంటే ఏ ఫోటోనూ పోగొట్టవు, కానీ ఫోల్డర్ చిందరవందర అవుతుంది. పోగొట్టుకోవడం కంటే అదే నయం.

చూసి ఏరే పనికి: యాజీ

ఎడిటింగ్‌కు కూర్చునేవాళ్ళ పని వేరు. వాళ్ళు ఫోటోలు చూస్తారు, కళ్ళు మూసుకున్నవి పక్కన పెడతారు, ఆల్బమ్‌కు పనికొచ్చేవి ఏరతారు. దీనికి ఎంసీ పనికిరాదు, అందులో పేరు తప్ప బొమ్మ కనబడదు. ఒకప్పుడు దీనికి రేంజర్ ఒక్కటే గతి. పైథాన్‌తో రాసిన రేంజర్‌లో మూడు నిలువు వరుసలుంటాయి: ఎడమ పైఫోల్డర్, మధ్యలో ప్రస్తుత ఫోల్డర్, కుడివైపు ఎంపికైన ఫైలు ప్రివ్యూ. ఆ ఏర్పాటు ఎంత బాగుందంటే ఎల్ఎఫ్, యాజీ రెండూ దాన్నే తీసుకున్నాయి. కానీ ఒకే ఫోల్డర్‌లో వేల ఫోటోలుంటే రేంజర్ తడబడుతుంది. ఇప్పటికే అలవాటున్నవాళ్ళు మానక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు మాత్రం నేను చెప్పను.

2023లో వచ్చిన యాజీని రస్ట్ భాషలో రాశారు. బొమ్మలు తయారుచేయడం, కాపీలు చేయడం అన్నీ వెనకాల నడుస్తుంటాయి కాబట్టి మీ చేతికింద తెర ఆగదు. డబ్ల్యూ కొడితే ఏ పని ఎంతవరకు వచ్చిందో కనబడుతుంది. స్పేస్ కొడుతూ కావలసినవి ఏరుకుని, ఎక్స్‌తో కట్ చేసి 'ఆల్బమ్' ఫోల్డర్‌లో పీ కొడితే అయిపోతుంది. చాలా ఫైళ్ళు ఎంచుకుని ఆర్ కొడితే పేర్లన్నీ ఎడిటర్‌లో వరుసగా తెరుచుకుంటాయి. అక్కడ మార్చి సేవ్ చేస్తే ఫైళ్ళ పేర్లు మారతాయి.

దీనికి షరతులున్నాయి. టెర్మినల్ బొమ్మలు చూపించగలిగినదై ఉండాలి. కిట్టీ, వెజ్‌టర్మ్ లాంటివాటిలో ఫోటో శుభ్రంగా కనబడుతుంది. ఆ సౌకర్యం లేనివాటిలో అక్షరాలతో పేర్చిన బొమ్మే దిక్కు, దాన్ని చూసి కళ్ళు మూసుకున్నారో తెరిచారో చెప్పలేం. టీమక్స్ లోపల అయితే పాస్‌త్రూ అనే సెట్టింగ్ ఆన్ చేయాలి. కెమెరా రా ఫైళ్ళ ప్రివ్యూకు ఇమేజ్‌మ్యాజిక్ లాంటి అదనపు ప్రోగ్రామ్ కావాలి. ప్రోగ్రామ్ ఇంకా వేగంగా మారుతోంది కాబట్టి కొత్త వెర్షన్ వేసినప్పుడు పాత సెట్టింగులు పనిచేయకపోవచ్చు. ముహూర్తాలు బిగిసిన మాఘ, ఫాల్గుణాల్లో అప్‌డేట్ చేయకండి. మూఢం వచ్చి పని తగ్గాక చేసుకోవచ్చు.

పాత మిషన్లు, పరాయి సర్వర్లు

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ఆఫీసుల్లో ఇంకా పాత కంప్యూటర్లు నడుస్తున్నాయి. తోతాపురి సీజన్ మొదలైతే వేబ్రిడ్జి చీటీల స్కాన్లు, ల్యాబ్ రిపోర్టుల పీడీఎఫ్‌లు గుట్టలుగా పడతాయి. అలాంటి మిషన్‌కు ఎన్ఎన్ఎన్ సరిగ్గా సరిపోతుంది. మన దేశపు డెవలపర్ అరుణ్ ప్రకాశ్ జానా సీ భాషలో నడిపిస్తున్న ప్రాజెక్టు ఇది. మెమరీ కొద్ది ఎంబీలే తీసుకుంటుంది. ఏ ఫోల్డర్ ఎంత జాగా తింటోందో చూపే మోడ్ అందులోనే ఉంది, ఆర్ కొడితే గుంపుగా పేర్లు మార్చొచ్చు. ఫోన్‌లో టెర్మినల్ ఇచ్చే టెర్మక్స్ యాప్ వేసుకున్నవాళ్ళకు కూడా నేను ఇదే చెబుతాను. మొదట తెరిచినప్పుడు బోసిగా ఉంటుంది. ప్రశ్నార్థకం కొడితే మీటలన్నీ కనబడతాయి, ఆ పేజీ ఒకసారి ఓపికగా చదివితే దారి దొరుకుతుంది.

శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీలోనో, ఏర్పేడు దగ్గర ఐఐటీలోనో చదువుతూ కాలేజీ సర్వర్‌లో లాగిన్ అయ్యే పిల్లల ఇబ్బంది వేరు. అక్కడ సుడో, అంటే అడ్మిన్ అధికారం, ఉండదు, ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు. ఎల్ఎఫ్ గో భాషలో రాసినది, ఒకే ఒక్క ఫైలుగా వస్తుంది. దాన్ని హోమ్ ఫోల్డర్‌లో పెట్టి నడిపించుకోవచ్చు. రెండు టెర్మినళ్ళలో తెరిచి ఒకదాంట్లో కాపీ కొట్టి ఇంకోదాంట్లో పేస్ట్ చేయొచ్చు, రెండిటికీ వెనక ఒకే సర్వర్ నడుస్తుంది కాబట్టి. ఫోల్డర్లను చెట్టులా చూపిస్తూ టైపు చేసేకొద్దీ వెతికిపెట్టే బ్రూట్ కూడా మంచిదే కానీ, అది వెతకడానికి బాగుంటుంది, మోయడానికి కాదు.

తెలుగు పేర్ల సంగతి

దీని గురించి ఇంగ్లీషు పోలికల్లో ఎవరూ రాయరు, మనకేమో రోజూ తగిలే ఇబ్బంది. టెర్మినల్ తెరను సమానమైన గళ్ళుగా కోసుకుని గడికో అక్షరం పెడుతుంది. తెలుగు అలా కూర్చోదు. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని నాలుగు కోడ్‌లు. చాలా టెర్మినళ్ళలో వత్తు విడిపోతుంది, పేరు పక్కన సైజు, తేదీ వరుసలు పక్కకు జరుగుతాయి. పేరు మార్చేటప్పుడు బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే మొత్తం అక్షరం బదులు గుడి మాత్రమే చెరిగిపోతుంది. ఇందులో ఫైల్ మేనేజర్ తప్పు తక్కువ, టెర్మినల్ తప్పు ఎక్కువ. కాబట్టి ఫైల్ మేనేజర్ మార్చే ముందు టెర్మినల్ మార్చి చూడండి.

పేర్ల పొడవుకూ ఒక హద్దుంది. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో ఒక పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు, తెలుగు కోడ్‌కు 3 బైట్లు. అంటే 'శ్రీ' ఒక్కటే 12 బైట్లు, పేరు మొత్తానికి 85 కోడ్‌లే గతి. పెన్‌డ్రైవుల్లో ఉండే ఎక్స్‌ఫ్యాట్‌లో ఈ లెక్క వేరు, అక్కడ 255 తెలుగు కోడ్‌లూ పడతాయి. వధూవరుల పేర్లు, ఇంటిపేర్లు, మండపం పేరు అన్నీ కలిపి పెట్టిన ఫోల్డర్ పెన్‌డ్రైవులో చక్కగా ఉండి, మిషన్‌లోకి వచ్చేసరికి 'పేరు చాలా పొడవు' అని ఆగిపోవడానికి కారణం ఇదే. ఏ ఫైల్ మేనేజర్ వాడినా ఇది తప్పదు. ముందు తేదీ అంకెల్లో, తర్వాత ఒకటి రెండు తెలుగు మాటలు పెట్టుకుంటే చాలు. తేదీ ముందుండటం వల్ల వరుస కూడా సరిగ్గా వస్తుంది.

ఏది తీసుకున్నా అసలు ఫోటోల మీద ప్రయోగం చేయకండి. హోమ్‌లో ఒక ఫోల్డర్ పెట్టి, పాత పెళ్ళిలోని కొన్ని ఫోటోల నకళ్ళు అందులో వేయండి. పక్కన ఇంకో ఫోల్డర్‌లో అవే పేర్లతో వేరే ఫోటోలు పెట్టండి. ఒక ఫోల్డర్‌కు శ్రీతో మొదలయ్యే తెలుగు పేరు ఇవ్వండి. ఇప్పుడు ఒకదాంట్లోవి ఇంకోదాంట్లోకి కాపీ చేసి ఏం అడుగుతుందో చూడండి, ఒకటి డిలీట్ చేసి వెనక్కి తేగలరేమో చూడండి, తెలుగు పేరులో ఒక అక్షరం మార్చి చూడండి. బయటి డిస్కు మీద కూడా ఇదే చేయాలి, అక్కడ ట్రాష్ తీరు వేరుగా ఉంటుంది కాబట్టి. డిస్కు పీకే ముందు అన్‌మౌంట్ (ఎజెక్ట్) చేయడం మరవకండి. తెర మీద కాపీ నూరు శాతం అన్నాక కూడా కొంత డేటా ఇంకా మెమరీలోనే ఉండి, డిస్కు మీదికి రాయడం పూర్తి కాకపోవచ్చు.